గొళ్ళెం లోపలి వైపు

ఉప్పుమెట్ట జెట్టీ మీద, రేకుల షెడ్డు కింద
నాదొక బల్ల, ఒక దొడ్డ రిజిస్టరు,
గాలికి కాగితాలు లేవకుండా పైన ఒక శంఖం.
పేరు, వచ్చిన ఊరు, రక్తం గ్రూపు.
నాలుగో గడి: కారణం.

ఆ గడి పెట్టాలని సభలో చేతులెత్తినప్పుడు
నేను నిద్రపోతున్నాను.
అడగాల్సింది మాత్రం నేనే.

ఇక్కడ నీళ్ళ ఫ్యాక్టరీ ఇంజినీరుకీ
చేపలు కడిగే హమ్‌దాన్‌కీ
ఒకే కొలత బియ్యం, ఒకే కొలత నీడ.
దళంలో చేరినా అంతే.
భుజం మీద చుక్కలుండవు, పింఛనుండదు,
చచ్చిపోతే రాతి మీద పేరైనా చెక్కరు.
అదీ సభ తీర్మానమే, ఆ రోజు మేలుకునే ఉన్నాను.

మరి ఆకలి తోలకుండా, అప్పు తోలకుండా
మనిషి తుపాకీ దగ్గరికి ఎందుకొస్తాడు?

మా మెట్‌పల్లి దిక్కు ఈ ప్రశ్నే లేకుండె.
ఏజెంటుకు లక్షన్నర బాకీపడ్డవాడు
ఎటు పొమ్మంటే అటు పోయేవాడు.

మొదట తిల్ బహదూర్.
"మూడు తరాలు జీతానికి పోట్లాడినం,
ఒకసారి ఊరికే పోట్లాడి చూద్దామని."
నవ్వాడు. నవ్వుతూనే రాశాను.

తర్వాత ఫైజల్, ఇరవై ఏళ్ళు, ఇక్కడే పుట్టినవాడు,
పాస్‌పోర్టు లాక్కోవడమంటే కథ అనుకునేవాడు.
చెవి దగ్గరికి వంగి:
"చాచా, అందరం సమానమే కదా,
ఒక్క పూట ఎవరికన్నా కొంచెం ఎత్తుగా కనబడదామని."
రాయనా అంటే రాయొద్దన్నాడు.
గడిలో ఒక గీత గీశాను.
ఆ దురద నాకు తెలియనిదేం కాదు.

మధ్యాహ్నం ఓబుళమ్మ వచ్చింది, పిండి చేతులతో.
యాభై ఆరేళ్ళు. రాజంపేట నుంచి కువైట్‌కు,
కువైట్‌లో పదకొండేళ్ళు ఒకే వంటగదికి,
ఒక రాత్రి వెనక మెట్లు దిగి, లాంచీ ఎక్కి, ఇక్కడికి.
"నీకు మోకాళ్ళ నొప్పులు కదమ్మా."
"కాపలాకు మోకాళ్ళెందుకురా, కండ్లు సాలు."
"కారణం?"
బల్ల మీద పిండి వేలితో తలుపు గీసింది.
"ఆ ఇంట్లో నా గదికి గొళ్ళెం బయట ఉండె.
ఈడ లోపల ఉండాది.
లోపలి గొళ్ళెం దానంతట అదే పడదు నాయనా,
ఎవురో ఒకరు లేసి ఏయాల."

రాయడానికి గడి చాలలేదు.

ఊరుకోలేక అన్నాను:
"కూలికి మనుషుల్ని పెట్టుకోవచ్చు కదా,
సముద్రం అవతల ఆకలితో ఎంతమంది లేరు?"
ఆమె చూసిన చూపు
మా అమ్మ కూడా ఎన్నడూ చూడలేదు.
"ఒగన్ని కూలికి నిలబెట్నావనుకో,
వాని బువ్వ నీ సేతిలో ఉంటాది.
ఆ పొద్దు నుంచి ఈ ఊరికి మళ్ళా ఒక యజమాని.
ఎవురో కాదు. నువ్వే."

ఎండకు రేకులు చిటపటమన్నాయి.
దూరంగా ట్యాంకర్లు వరుసగా జలసంధి వైపు.
వాటికి మేం కనబడతామో లేదో.
నిరుడు పొగమంచు రాత్రి మూడు పడవలొచ్చి
మా నీళ్ళ గొట్టం కోసి పోయాయి.
తొమ్మిది రోజులు గ్లాసులతో కొలిచి పోశాం.
అందరికీ సమంగా దాహం.
సమానం అనే మాట అంత చేదుగా ఎప్పుడూ లేదు.

పొద్దుగూకే సరికి ముప్పై ఒక్క పేర్లు.
సగం గళ్ళు ఖాళీ.
మారిసెల్‌కు రాత్రి సముద్రం ఇష్టమట, అంతే.
హమ్‌దాన్ రాలేదు, కబురు పంపాడు:
నేను మనిషిని కాల్చను, వలలు కుట్టిస్తాను.
అదీ రాశాను, పేర్ల వరుసలోనే.

శంఖం తీసి రిజిస్టరు మూయబోతే
ఓబుళమ్మ తెల్లటి వేలిముద్ర పక్కన
నా పేరు, నా ఊరు, నా రక్తం.
చేతిరాత నాదే. ఎప్పుడు రాసుకున్నానో.
నాలుగో గడి దగ్గర పెన్ను ఆగి ఉంది.

భయం, అని రాశాను.
కొట్టేశాను.
మళ్ళీ అదే రాశాను.