సున్నపు తేట

తొమ్మిదో తరగతికి ఒక కాగితమొచ్చింది
జిల్లా ఆఫీసు నుంచి, ఊదారంగు అచ్చు:
"సైన్సు నేర్చుకోవడం మీకు కష్టమా, ఇష్టమా?
ఒక గడిలో టిక్కు పెట్టండి."

పెన్ను మూత నములుకుంట కూసున్న.

మేళ్లచెరువుల పగటేల పన్నెండున్నరకు
ఫ్యాక్టరోళ్లు గుట్టను పేలుస్తరు.
కిటికీ రెక్కలు గడగడమంటయి.
మేకుకు ఆవర్తన పట్టిక ఊగుతది,
సోడియం పోయి ఆర్గాన్ మీద పడ్డట్టుంటది.
చింతాకుల మీద, టిఫిను మూతల మీద,
తెరిచిన నా నోట్సు మీద
తెల్లటి దుమ్ము.
పుస్తకంల దాని పేరు కాల్షియం కార్బొనేటు.
మాకు మటుకు దుమ్మే.

నాకు రానివి మస్తుండె.
వేలెన్సీ రాదు.
బాణానికి అటూ ఇటూ సమానం చేసుడు రాదు.
"ఉష్ణమోచక చర్య" అనుమంటే
నోట్లె ముద్ద పెట్టుకొని మాట్లాడినట్టయ్యేది.
యూనిట్ టెస్టుల ఇరవై ఐదుకు ఆరు.
సైదాచారి ఇరవై నాలుగు తెచ్చుకొని
ఆ ఒక్క మార్కు కోసం ఏడ్చిండు.
నేను నవ్విన. ఏం జేస్త.

ఆ రోజు జాన్‌బీ టీచర్ చాక్‌పీసు కింద పెట్టి
"సున్నం ఉడకడం ఎవరన్నా చూశారా?" అన్నది.
ఎన్నడు లేవని చెయ్యి లేచింది. నాదే.
చెప్పిన:
గడ్డల మీద నీళ్లు ఒక్కసారే కుమ్మరియ్యొద్దు,
మొఖం దూరం పెట్టాలె.
ముందుగాల ఏం గానట్టే ఉంటది, మోసపోతం.
తర్వాత గడ్డ పగులుతది, పొగలొస్తయి,
పొయ్యి లేకుండనే బుడబుడ మసులుతది.
అల్యూమినియం గిన్నెల పోస్తే గిన్నెనే తింటది,
గందుకే మా అమ్మ ఇనుప డ్రమ్ము వాడుతది.
ఇంత ఉప్పు, ఇంత తుమ్మబంక, చిటికెడు నీలిమందు.
పీర్ల చావడికి ఆమెనే ఏసింది,
పోయినేడు ఈ బడికి గూడ,
ఇగో ఈ గోడకే.

క్లాసంతా తిరిగి గోడను చూసింది
కొత్తగా వచ్చిన పిల్లను చూసినట్టు.

టీచర్ బోర్డు మీద రాసింది.
బాణం దాటినంక, ఆఖర్ల, "+ ఉష్ణం" అని.
ఆ కూడిక గుర్తు పక్కన
మా అమ్మ అరిచేతుల పగుళ్లు కనబడ్డయి నాకు.
చెప్పలే. సిలబస్‌ల లేదు.

తర్వాత పరీక్షనాళిక, సున్నపు తేట,
జ్యూసు డబ్బాకొచ్చే గొట్టం.
ఊదుమన్నది.
ఊదిన. ఊదిన. చెవులు దిబ్బళ్లు పడ్డయి.
తేట పాలయింది!
నా ఊపిరే అడుగున రాయై కూసున్నదట.
గోడ మీది సున్నం గూడ గంతేనట,
గాలిలకెల్లి ఊపిరి తాగి తాగి
మళ్ల గుట్టరాయి అయితదట.
అంటే సైదాచారి ఎక్కిళ్లు, నా ఆవులింతలు,
ఏడాదిగా గోడ అన్నీ మింగుతనే ఉన్నది.

ఆ రాత్రి నిద్ర రాలే.
గుట్టను పేల్చి, బట్టీల కాల్చి, నీళ్లు తాపి,
అమ్మ పొరకతోని పూస్తే
అది మెల్లగ మళ్ల గుట్ట కాబోతున్నది,
ఎవ్వరికి చెప్పకుండ.

పొద్దుగాల అమ్మకు చెప్పిన:
"నువ్వు చేసేది ఉష్ణమోచక చర్య."
ఈసారి తప్పు పోలే.
కొబ్బరినూనె చేతులకు రుద్దుకుంట నవ్వింది.
"పేరు మంచిగున్నది గని బిడ్డా,
మంట తగ్గేటందుకు గూడ ఒక పేరుంటే
సదువుకొని రా."

దానికి పేరున్నదో లేదో ఇంక తెల్వది.
తర్వాతి టెస్టుల పదకొండొచ్చినయి.
హైడ్రాక్సైడు కింద చిన్న రెండు మర్చిపోతే
సున్నం లెక్కకు టీచర్ ఎర్రటి సున్న చుట్టింది.

లీడర్ అందరి కాగితాలు జమ చేస్కపోయిండు.
నాది ఇయ్యలే.
మొన్న చూస్తే అమ్మ దాంట్ల
నీలిమందు పొట్లం కట్టుకున్నది.
కష్టం గడి, ఇష్టం గడి,
రెండు నీలమే.