ఎండ బిళ్ళ

చింగెల్తెయ్ కొండవాలున చివరి బస్టాపు దాటాక
దారులకి పేర్లుండవు, కంచెల మీద సున్నపు అంకెలే.
నాలుగు వందల పన్నెండు.
"కుక్కని పట్టుకోండి!" అని కేకేస్తాను.
గుడారం బయట నిలబడి మేం అనే పలకరింపే అది,
కుక్క ఉన్నా లేకపోయినా.

జనవరి. సున్నాకి కింద ముప్పై ఒకటి.
ఉలాన్‌బాతర్ కిందెక్కడో ఉంది, పొగలో.
పాలచాయ్‌లో జారిపడ్డ నాణెంలా సూర్యుడు.
బస్సు వెనక రంగు వెలిసిన అక్షరాలు:
నీలాకాశపు దేశానికి స్వాగతం.

చుక్కల సీసాలు చంకలో పెట్టుకు తిరుగుతాను,
గడ్డకడతాయని.

పాప పేరు నరన్‌జుల్. సూర్యదీపం అని.
పదహారు నెలలు, ఇంకా నిలబడదు.
మణికట్లు ఉబ్బి, చర్మం కిందే ఎవరో
కడియాలు తొడిగినట్టున్నాయి.
నుదురు ముందుకొచ్చింది.
ఇంట్లోవాళ్ళు దాన్ని తెలివనుకున్నారు.

"ఎండ చూపిస్తూనే ఉన్నానమ్మా," అంది నాయనమ్మ త్సెవెల్మా.
ఉత్తమాట కాదు.
గుడారం నెత్తిన చక్రంలోంచి దిగే ఎండ,
పళ్ళెమంత బిళ్ళ,
వేసవిలో నేలంతా తిరుగుతుంది.
చలికాలం నేలకి దిగదు,
వాసాల చివర్ల మీదే పాకుతుంది.
అందుకని ఆవిడ స్టూలెక్కి
పాపని రెండు చేతులా పైకెత్తి
బిళ్ళలో ముఖం పెట్టిస్తుంది.
బిళ్ళ జరిగితే దిగి, స్టూలు జరిపి, మళ్ళీ ఎక్కుతుంది.
డెబ్బై ఒకటేళ్ళు. మోకాళ్ళు ఆవిడవి కూడా
మంచివి కావు.

నేను తలెత్తి చూశాను.
చక్రానికి గాజు బిగించి ఉంది.

ఎలా చెప్పను?
గాజు వెలుగుని రానిస్తుంది, వెచ్చదనాన్ని రానిస్తుంది,
ఎముకకి కావలసిన కిరణాన్ని మాత్రం
టికెట్ లేదని కండక్టరు దించేసినట్టు బయటే దించేస్తుంది.
గాజు తీసేసినా,
ఈ నెలల్లో అది ఏటవాలున నడిచి నడిచి
దారిలోనే సొమ్మసిల్లుతుంది.
ఎముకనడిగితే ఎండ పేరు చెబుతుంది.
ఎండనడిగితే పొగ పేరు.
పొగనడిగితే పొయ్యి పేరు, పొయ్యినడిగితే చలి పేరు.
చలిని అడిగేవాళ్ళెవరు?
పాప తల్లి రాత్రి షిఫ్టు చేసేది
బొగ్గు ఇటుకల ఫ్యాక్టరీలో.

ఈ కొండ మీద నేను తట్టిన తలుపుల్లో
రక్తంలో చాలినంత ఉన్నవాళ్ళని లెక్కపెట్టడానికి
ఒక చేతి వేళ్ళు చాలు. చేతితొడుగు కూడా తియ్యక్కర్లేదు.
నా అంకె కూడా ఆ రిజిస్టరులోనే ఉంది,
ఎర్రసిరాతో, నా దస్తూరిలోనే.

సీసా మూత తీశాను. ఆవిడ వాసన చూసింది.
"చేపదా? రెప్ప వెయ్యనిదాన్ని మేం తినం."
"కాదవ్వా. గొర్రె ఉన్నిలో జిడ్డుంటుంది చూడు,
దాన్లోంచి తీస్తారు."
ఆవిడ చెయ్యి ఆగింది.
రెండు వందల నలభై గొర్రెలుండేవట.
మంచు గడ్డిని రాయి చేసిన ఏడాది
నిలబడ్డవి నిలబడ్డట్టే పోయాయి.
ఆ తర్వాతే ఈ కంచె, ఈ అంకె.
"రోజంతా ఎండలో మేసేవి," అంది.
"ఎక్కడికి పోతుంది మరి ఆ ఎండ."

పాప నాలుక మీద రెండు చుక్కలు.
మొహం చిట్లించి చప్పరించింది.
"నువ్వు వేసుకున్నావా?"
లేదని తల ఊపాను.
"నోరు తెరు."

రిజిస్టరులో రాసి లేచేసరికి
బిళ్ళ ఒక వాసం పక్కకి జరిగింది.
ఆవిడ పాపని ఎత్తుకుని స్టూలు వైపు నడిచింది.
చెప్పాలి. మేలో వచ్చి గాజు విప్పిస్తానని,
అప్పటిదాకా చుక్కలు చాలని,
ఇలా ఎక్కద్దని.

స్టూలు ఒక కాలు పొట్టి.
వంగి పట్టుకున్నాను.