వాషరు

చీపురుపల్లి చుట్టుపక్కల ఏ బోరింగు పాడైనా
నన్నే కేకేస్తారు.
వాషరు మార్చి, నాలుగుసార్లు కొట్టి చూసి
సైకిలెక్కేస్తాను.

నా గుంట హైమకి తొమ్మిదేళ్లు.
బడిసంచిలో వాచకం అడుగున
ఇంకో లంగా, తడిది దాచడానికి ప్లాస్టిక్ కవరూ.
నవ్వొస్తే భయం. తుమ్మొస్తే మరీను.
కుంటాటకి రాదు,
గోడవార కూచుని పలక మీద
అందరి లెక్కలూ రాస్తుంది.

విజయనగరంలో డాక్టరమ్మ
మందుచీటీ వెనక బొమ్మ గీసింది:
ఓ సంచి, దానికో సన్నటి మూతి.
"ఇక్కడ సూదితో కాస్త జెల్లీ పెడతాం.
మూతి బిగుస్తుంది.
ఒక్కసారికే కుదురుతుందని చెప్పలేను."

"వాషరేటమ్మా?"
ఆవిడ నవ్వలేదు.
"అలాంటిదే" అంది.

మత్తు దిగ్గానే హైమ అడిగింది:
"నాన్నా, బళ్లో సెప్పేసినావేటి?"

నెలైంది.
పక్కలో రబ్బరుగుడ్డ ఇంకా తియ్యలేదు.
మొన్న శుక్రవారం తడిసింది కూడా.
వాళ్లమ్మ ఏమీ అనకుండా ఆరేసింది.

ఇవాళ బడి బోరింగు విప్పుతూ
తలెత్తి చూశాను.
గోడవార పలక
ఇంకెవరి ఒళ్లోనో ఉంది.

పానా చేతిలో పట్టుకుని
కాసేపలా ఉండిపోయాను,
నీళ్ల కోసం వచ్చినవాళ్లు
బిందెలు చప్పుడు చేసేదాకా.