చన్నీళ్ళు

విన్నిపెగ్, సెల్కిర్క్ వీధి. మంగళవారం సాయంత్రం ఆరు.
బయట మైనస్ ముప్ఫై ఒకటి.
లోపల పదకొండు కుర్చీలు, ఒక కాఫీ ఫ్లాస్కు,
బోర్డు మీద నా గుండ్రటి అక్షరాలు:
మీరు ఒక డాలరు దాస్తే మేం మూడు కలుపుతాం.

మొదటి రోజు ఎవరూ నమ్మరు.
"మెలిక ఎక్కడుందో ముందే చెప్పు"
అంది డెల్ఫీన్ ఫ్లెట్, కోటు విప్పకుండా
తలుపు పక్కనే కూర్చుని.
వృద్ధాశ్రమంలో రాత్రంతా నేలలు తుడిచి వచ్చే మనిషి.
మెలిక లేదన్నాను.
"మెలిక పెట్టినవాళ్ళంతా అదే అన్నారు."

దేనికోసం దాస్తారు? ఫారంలో మూడో గడి.
లెతెబ్రహాన్ కుట్టుమిషను అని రాసింది.
వెనక వరసలో ఒకాయన, పళ్ళు. పై వరస మాత్రమే.
డెల్ఫీన్ రాసింది: బట్టలుతికే మిషను.
కింద మళ్ళీ గీత గీసి: నా ఇంట్లో.

వారానికి రెండుసార్లు
పిల్లల స్లెడ్జికి బట్టల మూటలు కట్టి
మంచులో మూడు వీధులు లాక్కెళుతుందట.
అక్కడి మిషను నాణేలు తింటుంది.
వేణ్ణీళ్ళ మీట నొక్కితే ఇంకో యాభై సెంట్లు.
తొమ్మిదేళ్ళుగా చన్నీళ్ళే.

మూడో వారం బోర్డు మధ్య నిలువు గీత గీశాను.
ఇటు అవసరం, అటు కోరిక.
"స్టోనీ మౌంటెన్ జైల్లో తమ్ముణ్ణి చూడ్డానికి
పక్కింటాయన కారుకి పెట్రోలు, ఇరవై డాలర్లు.
ఏ పక్క?"
గీత మీదే రాశాను.

లెక్కలు రాక కాదు వాళ్ళు వచ్చింది.
ఏ కొట్లో ఏ రోజు రొట్టె సగం ధరో,
కరెంటు బిల్లు ఎన్నాళ్ళు ఆగితే ఫోను మోగుతుందో,
జీతం రాకముందే జీతాన్ని కొనుక్కునే దుకాణంలో
మూడొందలు ఎలా నాలుగొందలవుతాయో,
అన్నీ నోటికే తెలుసు.
"అస్మారాలో మా వీధి ఆడవాళ్ళం చీటీ కట్టేవాళ్ళం,
పుస్తకం లేదు, సంతకం లేదు,
ఎగ్గొట్టినవాళ్ళూ లేరు" అని
లెతెబ్రహాన్ నవ్వింది.

నేను ఇంటికెళ్ళి
క్రెడిట్ కార్డు వాళ్ళ కవర్లు విప్పకుండా
చెంచాల సొరుగులో వేశాను.
పదకొండు చలికాలాలుగా పాఠం చెబుతున్నాను.
చెంచాలు ఇప్పుడు గిన్నెలో ఉంటాయి.

ఫిబ్రవరిలో ఆమె పాతిక పడలేదు.
మార్చిలో వచ్చి, దాచిన దాంట్లో యాభై తీసుకుంది.
నార్వే హౌస్‌లో అమ్మమ్మ పోయింది.
ఇద్దరికి బస్సు, వచ్చినవాళ్ళందరికీ వండడానికి మాంసం.
తీసిన ప్రతి డాలరుకీ మా మూడూ పోతాయని
కాగితం వైపు చూస్తూ చెప్పాను.
"మీ మూడు పోతే పోయాయి,
ఆ ఒకటి నాదేగా? అది పనికొచ్చింది."

అదీ పాఠమే. నా పుస్తకంలో లేదు.

జూన్‌కి వెయ్యి కావలసింది ఏడొందలైంది.
కొత్తది రాదు. కుడి పక్క సొట్టపడ్డ పాతది దొరికింది.
మూడో అంతస్తుకి ఎక్కించినవాళ్ళలో
పళ్ళాయన కూడా ఉన్నాడు,
నోరు మూసుకోకుండా నవ్వుతూ.

ఆ సాయంత్రం ఫోను.
హలో లేదు, ఏమీ లేదు.
"విను" అంది.
నీళ్ళు పడుతున్నాయి.
ముందు సన్నగా, తర్వాత డ్రమ్ము నిండుగా.
"వేణ్ణీళ్ళు" అంది, ఎవరికో రహస్యం చెబుతున్నట్టు.

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు.
చన్నీళ్ళకు తోడొచ్చే వేణ్ణీళ్ళ మాట
ఎవరూ చెప్పినట్టు లేదు.

ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి
సొరుగు లాగాను.
పైనున్న కవరు చించాను. ఒక్కటే.
నాలుగు వేల ఏడు వందల పన్నెండు,
పైకే చదివాను.
ఆమె విందో లేదో తెలియదు.
అవతల డ్రమ్ము తిరగడం మొదలైంది.