పోప్లర్ ధర

ఊరూ పేరూ అడిగే ముందు మంచినీళ్ళిస్తుంది వెర్డా,
కర్రకైనా సరే.
తడివేలు పలక చివర రాసి
ఆ చెమ్మలో తేలిన రంధ్రాల మీద భూతద్దం పెట్టి
కాసేపు మాట్లాడదు.

అక్రోటైతే, వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు,
పోనుపోను ఎవరో జల్లెడ మార్చినట్టు సన్నమవుతాయి.
లేతకొమ్మ చీలిస్తే బెండులో నిచ్చెన మెట్లు.
పొట్టు గుర్రాల పాకలో పరచకూడదు, గిట్టలు వాచి కుంటుతాయి.
టమాటా పాదుల్లో అసలే పొయ్యకూడదు.
ఇదంతా తలకెక్కడానికి నాకు మూడు చలికాలాలు పట్టింది.
ఆవిడకి రంపం తాకీ తాకగానే ముక్కే చెప్పేస్తుంది.

మార్చిలో, ఓజార్క్ కొండల మీద మంచు మొండికేసిన పొద్దున,
దుప్పటి చుట్టిన సొరుగుల బీరువాతో వచ్చాడు హార్లన్ టీగ్.
"మా తాత చేసింది. అసలైన అక్రోటు.
కాలు విరిగింది. అదే కర్రతో వేసివ్వండి, అసలైనదానితో."

వెర్డా ఓ పక్క ఎత్తి చూసింది. తేలిగ్గా లేచింది.
అడుగు సొరుగు లాగి బోర్లించి
రంగు అందని మూల గోరుతో నొక్కింది.
గాటు పడింది.
లోపల లేత పసరు చాయ.
కొట్టాం గోడలకి వాడే కర్ర.

నేను రంపం ఆపేశాను.
అబద్ధమాడటం రాదావిడకి,
నిజాన్ని ఏ పక్క పట్టుకుని ఎత్తాలో తెలుసు, అంతే.

"కర్ర పోప్లర్. రంగు మాత్రం అక్రోటుదే.
పచ్చితొక్కలు ఏరి, మగ్గబెట్టి, ఇనపకుండలో మరిగించి పూశాడు.
ఒక్క పూత కాదు, ఇదిగో, కారిన చోట లెక్కపెట్టు.
ఆ చేతులు క్రిస్మస్ దాకా నల్లగానే ఉండుంటాయి.
చర్చిలో జేబుల్లో దాచుకునుంటాడు."

హార్లన్ లెక్కపెట్టాడు. ఏడు.
"తొమ్మిది చెట్లుండేవట మా పొలంలో,
బ్యాంకువాళ్ళు కొట్టించి పట్టుకుపోయారు" అన్నాడు
సొరుగుతోనే చెబుతున్నట్టు.

"మరి కాలు దేనితో చెయ్యమంటావు?"
అతను మూలనున్న పోప్లర్ దొంతర వైపు చూశాడు.

నిరుటి తొక్కల బకెట్టు షెడ్డు వెనకే ఉంది.
ఎండాక పూత, పూత మీద పూత.
ఐదోదానికే నాకు విసుగొచ్చింది.
వెర్డా ఏమీ అనలేదు, బకెట్టు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

బిల్లులో పోప్లర్ ధరే వేసింది.

పన్నెండో రోజు ఇవాళ. సబ్బు ఓడిపోయింది.
కిరాణా కొట్లో చిల్లర ఇస్తూ
నా వేళ్ళకేసి చూసి ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.
నేను మాత్రం తీసుకోలేదు.