అరవై ముద్రలు

నెల మొదటి వారంలో
పర్లాకిమిడి సందులు నా చెప్పులకు కంఠతా వచ్చు.
కొమ్ముపని వీధిలో తొలి గడప భాస్కర మహారాణాది.
దున్నకొమ్ము సెగకు పెట్టి, వంచి, ఆరనిచ్చి, మళ్ళీ సెగకు పెట్టి
కొంగమెడ వంపు కుదిరేదాకా తలెత్తడు.
"గూట్లో ఐదొందలున్నాయి, తీసుకెళ్ళమ్మా."
ఇరవై ఏడో నెల.

గురువారం సంతకి సెరంగో కొండ దిగొస్తుంది సోంబారి.
పాసుపుస్తకం అడ్డాకులో చుట్టి, నారతో కట్టి,
చింతపండు గంప అడుగున దాస్తుంది.
పేరు ఒడియాలో, అంకెలు ఇంగ్లీషులో,
లెక్క మాత్రం సవర భాషలో, వేళ్ళ మీద.
"జీడితోటకన్నా ఇదే నయం,
దీన్ని కోతులు తినవు" అని నవ్వుతుంది.
కోతులు తినవు గానీ ధరలు తింటాయి, అదీ చెప్పాను.
"తిననీ, మిగిల్నదే నాది" అంది.

మా తమ్ముడికి ధనుంజయుడని పేరు పెట్టింది అమ్మ.
ట్యూషన్ సెంటర్ మేడమీద ఫోను అరచేత పట్టుకుని
ఎరుపూ పచ్చా చూస్తూ ఉంటాడు.
వాడికి విత్తూ కోతా ఒకే పూట.
ఏ కంపెనీ ఏం తయారుచేస్తుందో అడగండి, తెలీదు.
ఏ నిమిషాన ఎంత లేచిందో నిద్రలో అడిగినా చెబుతాడు,
నిద్రంటూ పోతే.

ఒక గడువురోజు పదిన్నరకి
నా ఆర్నెల్ల కమిషనంత లాభం తెర మీద చూపించాడు.
అబద్ధమెందుకు, ఆ పచ్చదనానికి
నా కడుపులోనూ ఏదో గంతేసింది.
"ఒక్క పూటకే అక్కా."
సంచిలో ఆ నెల వసూళ్ళు,
ఇంకా పోస్టాఫీసు గడప తొక్కనివి.
పన్నెండు వేలు లెక్కపెట్టి ఇచ్చాను.
ఇచ్చింది నేనే. వేళ్ళు నావే.

రెండుంపావుకి మూడువేల చిల్లర మిగిలింది.
వాడు తెరను బొటనవేలితో రుద్దుతున్నాడు
మరకేదో పోతుందన్నట్టు.

దుద్దులు తాకట్టు పెట్టి
మర్నాడు కౌంటరు తెరవగానే కట్టేశాను.
పట్నాయక్ గారు ముద్రలు కొడుతుంటే
ఒక్కో దెబ్బా నా చెవితమ్మెల మీద పడింది.

మహారాణాకి తెలీదు. సోంబారికి తెలీదు.
ఆ నెల ముద్రలే తక్కినవాటికన్నా నల్లగా ఉంటాయి.
ఏ పుస్తకం తెరిచినా ముందు అవే కనబడతాయి, నాకు.

ధనుంజయుడు ఇంకా మేడమీదే ఉన్నాడు.
"అక్కా, నాదీ పెట్టుబడేనే" అంటాడు.
నేనేమీ అనను. అనే నోరు ఆ రోజే పోయింది.

మొన్న సోంబారిది అరవై నిండింది.
డబ్బు రెండుసార్లు సరిచూసి, కొంగున ముడేసి,
ముడి మళ్ళీ విప్పి
ఐదొందలు నా చేతిలో పెట్టింది. "కొత్త పుస్తకం ఇయ్యి."
"మళ్ళీ ఐదేళ్ళే" అన్నాను.
గంప నెత్తికెత్తుకుంటూ అంది:
"ఐదేళ్ళు ఎలాగూ వస్తాయి కదా,
వట్టి చేతుల్తో రానియ్యడమెందుకు?"

అడ్డాకు మాత్రం కొత్తది తెచ్చుకుంది.