కడుగుడు పని

రాత్రి పది నుంచి ఆరు దాకా బస్సులు కడుగుతాను,
ఒస్ట్రావాలో, బొగ్గుగనులు మూతపడిన వైపు డిపోలో.
రోడ్డు ఉప్పు, మంచు, బురద, ఎవడో కక్కిన సాసేజ్ ముక్కలు.
గొట్టం తిప్పితే అన్నీ నీళ్లే.
షిఫ్ట్ దిగి రెండు గంటలు కునుకు తీసి
వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి
అరచేతిలో ఇమిడే మిలిటరీ లారీకి బురద పెడతాను.

నవ్వకండి.
బురద వదిలించడం కంటే పెట్టడమే కష్టం.

ముందు ప్లాస్టిక్ చట్రం నుంచి ఒక్కో ముక్కా తెంపాలి,
చిక్కుడుకాయ ఈనె తీసినంత ఓపిగ్గా.
తెంపిన చోట మొటిమంత బొడిపె మిగులుతుంది.
గరుకు కాగితంతో రుద్దితే పోతుంది,
ఇంకాస్త రుద్దితే లారీయే పోతుంది.
మూడు ఇరుసులు, పది టైర్లు, ఒకటి అదనం.
పక్క అద్దం పటకారు నోట్లోంచి ఎగిరి ఫ్రిజ్ కిందికి దూరింది.
మోకాళ్ల మీద అరగంట.
దొరికినవి: ఒక ఎండు బటాణీ, మా అమ్మాయి చెవిపోగు,
ధర పెరగకముందు కొన్న ట్రామ్ టికెట్.
అద్దం దొరకలేదు.
పోనీలే, యుద్ధంలో వెనక్కి ఎవడు చూస్తాడు.

ఈ జిగురు అతికించదు, కరిగిస్తుంది.
రెండు అంచులూ ఒకదాన్నొకటి కాస్త తాగి
అప్పుడు ఒకటవుతాయి.
అంతసేపూ ఊపిరి బిగపట్టాలి.

ముందు బూడిద రంగు. దానిమీద ఆకుపచ్చ,
ఏ దేశపు సైన్యమైనా ముచ్చటపడే ఆ రోగిష్టి ఆకుపచ్చ.
తర్వాత వాష్.
వాష్ అంటే మా డిపోలో ఉన్న మురికి పోగొట్టడం,
ఈ బల్ల మీద లేని మురికి తెచ్చిపెట్టడం.
పల్చటి డికాషన్ లాంటి గోధుమ రంగు
తలుపు సందుల్లోకి, మేకు తలల చుట్టూ
దారి తెలిసినట్టు తనే పాకిపోతుంది.
ఆరాక పొడి బ్రష్‌తో అంచులు తడిమితే
ముప్ఫై ఏళ్లు తిరిగిన బండి.
పుట్టి మూడు రోజులు.

పెట్టెలో డ్రైవర్‌ని ఇవ్వలేదు.
ఖాళీ సీటు కనబడకుండా
ముందు అద్దానికి దట్టంగా బురద కొట్టాను.

శనివారం, బీరు కొట్టు వెనక గది.
పింగ్‌పాంగ్ బల్ల మీద నది, వంతెన, ఎండు నాచు అడవి.
ఎదురుగా రాదోవాన్, లెక్కల మాస్టారు,
పాచిక తప్పు పడినా ఎర్ర సిరాతో దిద్దేలా చూస్తాడు.
నా లారీకి ఫిరంగి లేదు. మందుగుండు మోస్తుంది, అంతే.
నియమాల పుస్తకంలో దాని బతుకు ఒకటిన్నర లైను.
రేవు దాటించబోయాను, ఒకటి పడింది.
ఒకటి పడితే కూరుకుపోవడం.
"నీ బండి ఇంటి దగ్గరే కూరుకుపోయి వచ్చినట్టుంది, జ్బిన్యెక్" అన్నాడు.
పొగడ్తో వెక్కిరింతో, ఇప్పటికీ తేల్చుకోలేదు.
నాలుగు గంటల ఆట. నా ట్యాంకులన్నిటి మీదా దూది పొగలు లేచాయి.
లారీని మాత్రం ఎవరూ కాల్చలేదు, గుండు దండగని.

సోమవారం రాత్రి కొండదారి బస్సు వచ్చింది.
గొట్టం ఎత్తి, ఆగిపోయాను.
ఒళ్లంతా బురద, ముందు అద్దం మీద మాత్రం
వైపర్లు తిరిగినంత మేర
రెండు తేట విసనకర్రలు.
ఇరవై రెండేళ్లుగా కడుగుతున్నాను. ఎన్నడూ చూడలేదు.
"ఫొటో తీయించుకుంటోందా ఆ బస్సు?"
షెడ్డు చివర నుంచి ద్రాహొమీరా కేక.
కడిగేశాను.

పొద్దున పడుకోలేదు.
పళ్లపుల్ల మొన ఉమ్మితో తడిపి
గోరంత అద్దం మీద రెండు వంపులు గీకాను.
చక్కగా వచ్చాయి.
లోపల ఎవరూ లేరన్నది కూడా
చక్కగా కనబడింది.

మిగులు బొమ్మల డబ్బా బల్ల మీద గుమ్మరించాను.
గురిపెట్టినవాళ్లు, పాకేవాళ్లు, చెయ్యెత్తి అరిచేవాళ్లు.
కూర్చున్నవాడు
ఒక్కడూ లేడు.